శ్రీ రాస్తే పారిపోయిన కంప్యూటర్

ఈ సంగతి మొదలుపెట్టే ముందు కాగితం మీద చేత్తో నిండుగా ఒక "శ్రీ" రాసుకున్నాను. కాగితం కదల్లేదు, మెదల్లేదు, నన్ను బయటికి గెంటలేదు. కాగితానికి నమస్కారం. ఇదేం పిచ్చి అనుకోకండి. మరికాసేపట్లో ఒక ముసలవ్వ పాటలు గాల్లో కలిసిపోబోతాయి, ఒక పెద్దమనిషి కంప్యూటర్‌కు విభూతి పూస్తారు, నారాయణగూడలో నిక్షేపంగా నడుస్తున్న ఒక ప్రింటింగ్ ప్రెస్సు పడకేస్తుంది. మూడింటికీ కారకుడు ఒక్కడే. వాడే మీకిప్పుడు ఈ కథ చెబుతున్నాడు కాబట్టి, వాడికి వీలైనంత అనుకూలంగా చెబుతాడని ముందే గ్రహించండి.

అది రెండువేల పన్నెండు. నేను జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. చదువుతున్నాను అనడం కొంచెం పెద్దమాట. నోటిఫికేషన్ రేపో మాపో అనేవాళ్ళు. ఆ రేపూ రాలేదు, మాపూ రాలేదు. అందుకని పుస్తకం ముందు కూర్చుని చిక్కడపల్లి వైపు వెళ్ళే ఆటోలను చూస్తుండేవాణ్ణి. వెంకటనర్సయ్య గారి మేడ మీది రేకుల గదిలో నేనూ, నా రూమ్మేట్ యాదగిరీ ఉండేవాళ్ళం. యాదగిరికి రెండే పనులు. ఒకటి జనరల్ నాలెడ్జ్ బట్టీ పట్టడం, రెండు నా మాటలకు వెటకారం చేయడం. మొదటిదానికి సెలవులుండేవి, రెండోదానికి ఉండేవి కావు.

ఇంటి ఓనరు వెంకటనర్సయ్య గారు ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆయనకొక నియమం ఉంది. "శ్రీ" రాయకుండా ఏదీ మొదలుపెట్టరు. ఉత్తరాల మీద అందరూ రాస్తారు, అది వింత కాదు. ఆయన పాల ప్యాకెట్ల చీటీ మీద కూడా రాస్తారు. గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజు క్యాలెండర్‌లో "శ్రీ, గ్యాస్" అని ఉంటుంది. మెట్ల కింద మోటరు స్విచ్ పక్కన ఒక అట్టముక్క అతికించారు: "శ్రీ. ట్యాంకు నిండిన పిదప మోటరు బందు చేయవలెను." ఆ అట్ట చూసి స్విచ్ వేయాలా, దండం పెట్టాలా తెలియక మొదటి వారం నేను రెండూ చేశాను.

వాళ్ళింట్లో కింద హాల్లో, టీవీ పక్కన, లేసు గుడ్డ కప్పిన కంప్యూటర్ ఒకటి ఉండేది. నేను వచ్చిన కొత్తలో దానికి వైరస్ పట్టి మూలుగుతూ ఉండేది. నేను జిల్లా కేంద్రంలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసినవాణ్ణి. ఆరు నెలల్లో రెండు నెలలు కరెంటు లేదు, ఒక నెల సారు లేరు. మిగిలిన జ్ఞానం మొత్తం కూడగట్టుకుని, ఆ వైరస్‌ను, దాంతోపాటు విండోస్‌నూ తుడిచేసి, ఊరికే దొరికే లినక్స్ ఎక్కించాను. మూలుగు ఆగింది. ఆ రోజునుంచి వెంకటనర్సయ్య గారు నన్ను బజారులో ఎవరికి పరిచయం చేసినా "మా ఇంట్ల ఇంజనీర్ ఉంటడు" అనేవారు. నేను తెలుగు లిటరేచర్ బీఏ అని దిద్దేవాణ్ణి కాదు. పొగడ్తను దిద్దడం సంస్కారం కాదు కదా.

ఇక అసలు మనిషి అండాళమ్మ గారు, ఓనరు భార్య. ఆవిడ తల్లి అంబర్‌పేటలో తమ్ముడింట్లో ఉండేది. ఆ ముసలవ్వకు బతుకమ్మ పాటలు లెక్కలేనన్ని వచ్చు. ఎవరూ వినని పాటలు, ఎక్కడా అచ్చుకానివి. అయితే ఆ ఏడాది అవ్వకు మతిమరుపు మొదలైంది. పొద్దున పాడింది సాయంత్రానికి గుర్తుండేది కాదు. అండాళమ్మ గారు వారానికి రెండుసార్లు బస్సెక్కి అంబర్‌పేట వెళ్ళి, తల్లి పక్కన కూర్చుని, ఆమె నోట వచ్చిందల్లా చీటీల మీద గీసుకుని, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఒంటివేలితో కొట్టుకునేవారు. సద్దుల బతుకమ్మ నాటికి చిన్న పుస్తకం వేయించి తల్లి చేతిలో పెట్టాలని ఆవిడ పంతం.

తెలుగు టైపింగు నేర్పింది నేనే. ప్రతి పంక్తి చివర "ఉయ్యాలో" వస్తుంది కదా, కాపీ చేసి అతికించే కిటుకు కూడా చూపించాను. ఆవిడ నా చెయ్యి పక్కకు తోశారు.

"ఒద్దు బిడ్డా. పాడెటప్పుడు ప్రతిసారి నోరు తిరగాలె. రాసెటప్పుడు వేలు తిరగకుంటె ఎట్ల?"

అలా ఎండాకాలం మొదలు వానాకాలం చివరిదాకా ఆవిడ వేలు తిరిగింది. నేను మాత్రం ఒక సలహా ఇచ్చాను. "ఈ చీటీలెందుకాంటీ, పాతకాలం పద్ధతి! కంప్యూటర్ల ఉన్నదంటె బ్యాంకు లాకర్ల ఉన్నట్టే." ఆవిడ నమ్మారు. చీటీలన్నీ పాత పేపర్లవాడికి వేసేశారు. లాకరు తాళం నా దగ్గరుందని ఆవిడ నమ్మకం. లాకరనేదే లేదని నాకు తెలియదు.

పాటలన్నీ పూర్తయిన రోజు నేను మరీ ఉత్సాహపడ్డాను. అన్నిటినీ ఒక ఫోల్డర్‌లో వేసి డెస్క్‌టాప్ మీద, కళ్ళకెదురుగా పెడదామన్నాను. ఫోల్డర్‌కు పేరు కావాలి. వెంకటనర్సయ్య గారు వెనకనుంచి "పేరేంది మల్ల? శ్రీ అని రాయి" అన్నారు. రాశాను. మామూలు అక్షరాల్లో అది నాకు చప్పగా కనిపించింది. ఇంటర్నెట్‌లో వెతికి, కలంతో రాసినట్టు వంపులు తిరిగిన ఒక తెలుగు ఫాంటు దింపాను. ఏ పుణ్యాత్ముడో సగం తయారుచేసి విసుగెత్తి ఊరికే పంచిపెట్టిన ఫాంటు అది. కంప్యూటర్‌లో తెలుగు ఎక్కడ కనిపించినా ఇకనుంచి ఈ ఫాంటులోనే కనిపించాలి అని హుకుం జారీ చేసి, కంప్యూటర్ ఆపేసి, ఆంటీ ఇచ్చిన సర్వపిండి తిని మేడెక్కాను. ఈ ఫాంటును మీరు గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోబట్టే ఈ కథ పుట్టింది.

మర్నాడు పొద్దున్నే కిందినుంచి కేక.

"సుధాకర్! జర కిందికి రా! మిషన్ మమ్ముల బయటికి తోలుతున్నది!"

వెళ్ళి చూశాను. లాగిన్ తెర వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టాను. ఒప్పుకుంది. నీలిరంగు బొమ్మ వచ్చింది, పైన పట్టీ వచ్చింది, గడియారం వచ్చింది. హమ్మయ్య అనేలోపు టప్పున అంతా మాయమై మళ్ళీ లాగిన్ తెర. ఇంకోసారి కొట్టాను. బొమ్మ, పట్టీ, గడియారం, టప్. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు పాస్‌వర్డ్ సరేనంటోంది, డెస్క్‌టాప్ ఠాఠ్ అంటోంది. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. లాగిన్ కాగానే డెస్క్‌టాపూ కాదని ఆ రోజు తెలిసింది.

"ఏమైందంటవు?" అన్నారు వెంకటనర్సయ్య గారు.

తెలియదు అనవచ్చు. తెలుగులో అంత చక్కని మాట ఇంకొకటి లేదు. కానీ ఇంజనీరు అలా అంటాడా?

"ర్యామ్ పోయినట్టున్నదంకుల్."

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "రాం పోయిండా! ఎదురింటి రాంచందరా? పొద్దున పాలకు వస్తె చూస్తినిగదనె!"

"ఆ రాం కాదంకుల్. కంప్యూటర్ల ఉంటది, ర్యామ్."

"గట్ల జెప్పు మరి. పానం పోయినంత పనైంది."

డబ్బా విప్పాను. ర్యామ్ ముక్క బయటికి తీసి, పెన్సిల్ రబ్బరుతో దాని పళ్ళు తోమాను. ఇది మా కోర్సులో నేర్పిన ఏకైక వైద్యం. ఏ జబ్బుకైనా ఇదే. తోమి పెట్టాను. టప్. కీబోర్డు మార్చాను. టప్. వైరు పీకి పెట్టాను. టప్. రెండు గంటలు శ్రమించి మౌస్‌లో దుమ్ము ఉందని కనిపెట్టాను. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అండాళమ్మ గారు మెల్లిగా అడిగారు. "నా పాటలున్నయా బిడ్డా?"

"ఉన్నయాంటీ. ఎక్కడికి పోతయ్?" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

యాదగిరి అప్పుడే పళ్ళు తోముకుంటూ దిగాడు. సంగతి విని, "అన్నా, లోపటికి పోంగనే ఎల్లగొడుతున్నదంటె, పోయి రావడానికి జరంత టైమున్నట్టే గదా. కబడ్డీ లెక్క ఆడు. కూతకు వొయ్యి, ఫోల్డర్ ముట్టుకొని, దమ్ము పోకముందు పాటలు పట్టుకొని రా" అన్నాడు.

వాడు వెటకారంగానే అన్నాడు. నేను సీరియస్‌గా తీసుకున్నాను. పెన్‌డ్రైవ్ గుచ్చి, మౌస్ మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి లాగిన్ అయ్యాను. బొమ్మ వచ్చింది, పట్టీ వచ్చింది, బాణంగుర్తును ఫోల్డర్ ఉండే మూలకు ఉరికించాను, అక్కడ ఫోల్డర్ బొమ్మ మొలకెత్తబోయింది, టప్. అవుట్. యాదగిరి ఆడాడు, అవుట్. వెంకటనర్సయ్య గారు లుంగీ ఎగ్గట్టి మరీ ఆడారు, పాస్‌వర్డ్ దగ్గరే అవుట్. చివరికి అండాళమ్మ గారు కూర్చున్నారు. అన్ని నెలలు పాటలు కొట్టిన ఆ ఒంటివేలితో పాస్‌వర్డ్ కొట్టారు, అవుట్. తెర ఆరిపోయాక కూడా ఆవిడ మౌస్ వదల్లేదు.

"అవ్వకు ఇప్పుడు నేనే యాదికి లేను సుధాకర్. పాటలేడ మల్ల పాడుతది?" అని, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

చీటీలు పారేయమన్నది నేను. లాకరు అన్నది నేను. నోటిఫికేషన్ లేని నిరుద్యోగి జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క ఉద్యోగం ఈ పాటలను కాపాడటం, అందులో కూడా సస్పెండయ్యాను. పండగ వచ్చేవారమే. ఎవరినైనా అడుగుదామంటే, అడిగిన ప్రతివాడూ "ఫార్మాట్ కొట్టు" అంటాడు. ఫార్మాట్ కొడితే కంప్యూటర్ బతుకుతుంది, పాటలు పోతాయి.

అప్పుడు లాగిన్ తెర మీద కింద చిన్నగా "గెస్ట్" అని ఉండటం కనిపించింది. నొక్కాను. బొమ్మ వచ్చింది, పట్టీ వచ్చింది, గడియారం వచ్చింది, నిలబడింది! పోలేదు! ముగ్గురం చప్పట్లు కొట్టాం.

"గెస్ట్ అంటె?" అన్నారు వెంకటనర్సయ్య గారు.

"అంటె చుట్టమంకుల్. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఎవరన్న రావచ్చు. కాని మన ఫైళ్ళు కనపడయ్."

ఆయన ముఖం ఎర్రబడింది. "అంటె, పైసలు పెట్టి కొన్నోన్ని, కరెంట్ బిల్ కట్టేటోన్ని, నన్ను బయటికి తోలుతది. దారెంట పోయే సుట్టాన్ని కూసోవెట్టి మర్యాద జేస్తదా?"

"గట్లనే ఉన్నదంకుల్."

"నా ఇంట్ల గీ మిషన్ ఒక్కటే కాదు, అందరు గట్లనే ఉన్నరు" అన్నారాయన వంటింటి వైపు చూస్తూ. వంటింట్లోంచి గిన్నె పడిన చప్పుడు వచ్చింది.

దీన్నిబట్టి నేనొక గొప్ప సిద్ధాంతం చేశాను. దోషం కంప్యూటర్‌ది కాదు, వెంకటనర్సయ్య గారి పేరుతో ఉన్న ఖాతాది. ఇంకో పేరుతో కొత్త ఖాతా తెరిస్తే చాలు. సిద్ధాంతం సగం నిజమే. పాత ఖాతాలోని ఫైళ్ళు కొత్త ఖాతాకు పక్కగదిలో ఉన్నట్టేనని, ఆ గదికి గడియ కూడా లేదని, అటు నడిచివెళ్ళి పాటలు తెచ్చుకోవచ్చని నాకు తెలిసుంటే అది పూర్తి నిజమయ్యేది. తెలియదు. ఆ పాఠం చెప్పిన నెలలోనే సారు లేరు.

ఓనరు పాస్‌వర్డ్ కొట్టి అనుమతి తీసుకుని, అండాళమ్మ గారి పేరుతో ఖాతా తెరిచాను. నిలబడింది. ఒక నిమిషం చూశాం, నిలబడే ఉంది. నేను కాలరెగరేసి అటూ ఇటూ నొక్కబోతుంటే వెంకటనర్సయ్య గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు. కొత్త ఖాతా. ముందుగాల శ్రీ రాయి."

నిజమే కదా. డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్ తెరిచి, భక్తిగా "శ్రీ" అని కొట్టాను. టప్.

ఆ తర్వాత ఎన్నిసార్లు లాగిన్ అయినా అదే కబడ్డీ.

"ఈమె పేరు మీద నాకు ముందే అనుమానం" అన్నారాయన. ఇంకో గిన్నె పడింది.

యాదగిరి పేరుతో ఖాతా తెరిచాను. నిలబడింది. "శ్రీ రాయి" అన్నారాయన. రాశాను. టప్. నా పేరుతో తెరిచాను. నిలబడింది. "శ్రీ" అన్నారు. రాశాను. టప్. బుద్ధి ఉన్నవాడికి రెండోసారికి తెలియాలి. నాలుగిళ్ళు కాలినా నిప్పు ఎవరి చేతిలో ఉందో నాకు తోచలేదు.

అండాళమ్మ గారు వంటింట్లోంచి చీపురు పట్టుకుని వచ్చారు. "పొద్దటి సంది చూస్తున్న. మంచిగ నడుస్తది. మీరిద్దరు శ్రీ రాస్తరు, పోతది. మల్ల నడుస్తది. మల్ల శ్రీ రాస్తరు, మల్ల పోతది. మీకు కండ్లు లెవ్వా?"

నిజమే. ప్రతిసారీ శ్రీ దగ్గరే. వెంకటనర్సయ్య గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కంప్యూటర్‌ను పైనుంచి కిందిదాకా చూశారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"దేవుని పేరు తలిస్తె పారిపోయేది ఏంది?"

"దయ్యమంకుల్" అన్నాడు యాదగిరి, కొశ్చన్ పేపర్‌లో తెలిసిన ప్రశ్న వచ్చినవాడిలా.

అంతే. పూజగదిలోంచి విభూతి డబ్బా వచ్చింది. లేసు గుడ్డ తొలగింది. వెంకటనర్సయ్య గారు కంప్యూటర్‌కు మూడు అడ్డగీతలు తీర్చి, కీబోర్డు ముందు కూర్చుని స్తోత్రం అందుకున్నారు. నిమ్మకాయల కోసం యాదగిరిని చిక్కడపల్లి మార్కెట్‌కు పరుగెత్తించారు.

ఆ స్తోత్రం జరుగుతుండగా నా బుర్రలో దీపం వెలిగింది. శ్రీ రాస్తే పోవడమేమిటి? పాటల్లో ఎన్ని శ్రీలు లేవు, అవి రాసినప్పుడు పోలేదే? అప్పటికీ ఇప్పటికీ మారిందేమిటి? ఫాంటు. డెస్క్‌టాప్ లేవగానే ఫోల్డర్ కింద పేరు రాయబోతుంది. ఆ వంపుల ఫాంటులో అన్ని అక్షరాలూ బాగానే ఉన్నాయి, శ్రీ ఒక్కటే సగంలో వదిలేశాడు ఆ పుణ్యాత్ముడు. అది గీయలేక డెస్క్‌టాప్ మొత్తం కూలబడుతోంది. ఏమీ రాయని గెస్టుకు ఏ బాధా లేదు. వీళ్ళింటికి దయ్యాన్ని తెచ్చింది నేనేనన్నమాట. సర్వపిండి తిని మరీ తెచ్చాను.

మీరైతే ఏం చేసేవారు? నిజం చెప్పేవారు. మీరు మంచివాళ్ళు. నేను అప్పటికే వీధిలో ఇంజనీరుగా స్థిరపడినవాణ్ణి. వెంకటనర్సయ్య గారు కళ్ళు మూసుకుని స్తోత్రంలో ఉండగా, ఇంకో కొత్త ఖాతాలోకి దూరి, శ్రీ రాయకుండా, ఫాంటును గుట్టుగా తీసేసి బయటికొచ్చాను. ఆయన స్తోత్రం ముగిసి కళ్ళు తెరిచారు.

"ఇప్పుడు నా పేరు మీద కొట్టు."

కొట్టాను. బొమ్మ, పట్టీ, గడియారం, మూలన ఫోల్డర్, దాని కింద చప్పటి మామూలు అక్షరాల్లో "శ్రీ". నిలబడింది. అండాళమ్మ గారు ఫోల్డర్ తెరిచి ఒక్కో పాట చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి, ప్రతి ఉయ్యాలో ఉంది. ఆవిడ కొంగుతో తెర తుడిచి, తర్వాత అదే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, కాకపోతే అందులో సగం భయం.

సాయంత్రానికి వీధంతా పాకింది. వెంకటనర్సయ్య గారి చేతి మహిమ విని ఎదురింటి రాంచందర్ గారు చెడిపోయిన మిక్సీ తెచ్చారు. పక్కింటివాళ్ళు ఇన్వర్టర్‌కు విభూతి పట్టుకెళ్ళారు. "సుధాకర్ గూడ సాయం జేసిండు, పక్కకు కూసున్నడు" అని ఆయన నా గురించి కూడా ఒక మాట చెప్పేవారు.

ఇక్కడితో ఆగి ఉంటే నా పరువు నిలిచేది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఫార్మాట్ కొట్టినా పోదు. ఆ ఫాంటు ఎంత అందంగా ఉందో నాకింకా కళ్ళలో ఆడుతోంది. తప్పు ఫాంటుది కాదు, దాన్ని అర్థం చేసుకోలేని లినక్స్‌ది అని నాలో నేను వాదించుకుని గెలిచాను. ప్రెస్సులో ఉండేది వేరే రకం కంప్యూటర్, పెద్దది, ఖరీదైనది. పాటలతోపాటు ఫాంటును కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నారాయణగూడ వెళ్ళాను. ప్రెస్సు నడిపే సత్తన్న బొట్టు పెట్టుకుని, చాయ్ తాగుతూ, ఒక చెవిలో పెన్సిల్ పెట్టుకుని ఉండే మనిషి.

"సత్తన్నా, మొదటి పేజీ పైన శ్రీ అని ఈ ఫాంటుల పెట్టు. అదిరిపోతది. మీ మిషన్ల తెలుగంత ఈ ఫాంటుకే మార్చుకో, గిరాకి పెరుగుతది."

"గట్లనా తమ్మీ?" అన్నాడు పాపం సత్తన్న.

మర్నాడు వెంకటనర్సయ్య గారి ఫోన్ మోగింది. ఆయనకు చెవి కొంచెం మందం, ఎప్పుడూ స్పీకర్‌లో పెట్టేవారు. వరండాలో అందరం ఉన్నాం.

"సార్, మీ బతుకమ్మ పుస్తకం తెరిచినప్పటిసంది నా మిషన్ బందైతున్నది. పుస్తకం ఒక్కటే గాదు. పెండ్లి పత్రికలు తెరిస్తె పోతున్నది. గృహప్రవేశం కార్డు తెరిస్తె పోతున్నది. శ్రీ లేని పత్రిక ఉంటదా సార్ దునియాల? నా దందా మొత్తం ఆగింది. నేను పరేషాన్ల ఉన్న!"

నేను మెల్లిగా మేడ మెట్ల వైపు జరిగాను. వెంకటనర్సయ్య గారు మాత్రం ఉత్సాహంగా లేచారు. "భయపడకు. నీక్కూడ పట్టింది. నేనొస్తున్న" అని విభూతి డబ్బా సంచిలో వేసుకున్నారు. "నడువ్ సుధాకర్, నువ్వు పక్కకు కూసో."

ఆటోలో నారాయణగూడదాకా నేను దేవుణ్ణి ప్రార్థించాను. ఏ దేవుడి పేరు ముందూ శ్రీ పెట్టకుండా ప్రార్థించాను.

ప్రెస్సులో ఆయన మూడు గీతలు తీర్చారు. స్తోత్రం చదివారు. సత్తన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్తోత్రం అయ్యాక పెళ్ళిపత్రిక తెరిచారు. టప్. ఆయన మళ్ళీ చదివారు. టప్. విభూతి డబ్బా ఖాళీ అయింది. అప్పుడు సత్తన్న చెవిలో పెన్సిల్ తీసి నావైపు చూపించాడు.

"సార్, తప్పుగ అనుకోవద్దు. నిన్నటిదాక నా మిషన్ మంచిగున్నది. మీ పిలగాడొచ్చి ఒక ఫాంటు పెట్టిచ్చిండు. మొత్తం తెలుగు గిండ్లకే మార్చుకొమ్మన్నడు. గది తీసి చూద్దామా?"

తీశాడు. పెళ్ళిపత్రిక తెరుచుకుంది. గృహప్రవేశం తెరుచుకుంది. అన్నిటి నెత్తినా శ్రీ చక్కగా కూర్చుంది.

వెంకటనర్సయ్య గారు ఖాళీ విభూతి డబ్బాకు మూత పెట్టారు. ఇంట్లో ఫోల్డర్, ఇంట్లో ఫాంటు, స్తోత్రం మధ్యలో నేను కీబోర్డు దగ్గర చేసిన చప్పుడు, అన్నీ ఆయన లెక్క సరిచూసుకుంటున్నారని ముఖంలో కనిపిస్తోంది. సూపరింటెండెంటు కదా. చివరికి నావైపు తిరిగారు.

"అంటె దయ్యం మా మీది రూంలనే కిరాయికుంటున్నదా?"

నేను తల దించుకున్నాను. సత్తన్న చాయ్ గొంతుకడ్డం పడేలా నవ్వాడు. ఆయన మాత్రం నవ్వలేదు, విభూతి చేతిని రుమాలుతో తుడుచుకుని ఆటో ఎక్కారు.

పుస్తకం పండగకు ముందురోజు అచ్చయింది. అయితే సత్తన్న ఒక్క షరతు పెట్టాడు. "పాటలు ఎట్లున్నయో అట్ల ఏస్త. మొదటి పేజీ మీద పెద్దగ శ్రీ మాత్రం నన్ను ముట్టుకొమ్మనొద్దు. నాకు భయమైతున్నది." మొదటి పేజీ నెత్తిన బోడిగా తెల్లటి ఖాళీ. దాన్ని చూసి వెంకటనర్సయ్య గారు కట్టలు వరండాలో దింపించి, ఒక ఎర్ర పెన్ను నా చేతికిచ్చి, కుర్చీ చూపించారు.

"రాయి. ప్రతి పుస్తకం మీద. చేత్తోని. వంపులు గింపులు ఒద్దు."

రాశాను. బతుకమ్మకు పూలు తెచ్చుకుంటున్న ఆడవాళ్ళు గేటు దగ్గర ఆగి చూశారు. ఇంజనీరు శ్రీ దిద్దుతున్నాడని పిల్లలు వచ్చి చూశారు. యాదగిరి పక్కన కుర్చీ వేసుకుని "గుడిదీర్ఘం సరిగ రాలె అన్నా, ఇంకోటి రాయి" అని తప్పులు పట్టాడు. వేళ్ళు వాచి, సర్వపిండి తుంచడం కూడా కష్టమైంది. అసలు అది పెడితే కదా.

మొదటి పుస్తకం ఇవ్వడానికి నన్ను కూడా అంబర్‌పేట తీసుకెళ్ళారు. అవ్వ మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. అండాళమ్మ గారు పుస్తకం ఒళ్ళో పెట్టి, "అమ్మా, నీ పాటలే" అన్నారు. అవ్వ కూతురివైపు చూసింది, గుర్తుపట్టినట్టు లేదు. పుస్తకం తెరిచింది. ఆమెకు చదువు రాదు. వేలితో అలా తడుముతూ పోయి, మొదటి పేజీ నెత్తిన, నా ఎర్ర అక్షరం దగ్గర ఆగిపోయింది. ఆమె ముఖం విచ్చుకుంది.

"శ్రీ" అంది.

అవ్వకు తెలిసిన అక్షరం అదొక్కటేనట. ఇంటికొచ్చిన పెళ్ళిపత్రికలన్నిటి మీదా చూసి చూసి నేర్చుకుందట. ఆ అక్షరం మీద వేలు పెట్టుకునే, కళ్ళు మూసుకుని, ఎవరూ అడగకుండానే పాట ఎత్తుకుంది. అండాళమ్మ గారు ఉయ్యాలో అందుకున్నారు. పాట పూర్తయ్యేదాకా అవ్వ ఎక్కడా ఆగలేదు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

పాట అయ్యాక అవ్వ ఆ అక్షరాన్ని మళ్ళీ తడిమి, "ఎవరు రాసిండ్రు గిది? ముద్దుగున్నది" అంది.

వెంకటనర్సయ్య గారు నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు సవరించుకున్నారు.

"దయ్యం రాసిందత్తమ్మా. మా మీది రూంల ఉంటది."

కాబట్టి పాఠకులారా, కుడిచేత ఎర్ర పెన్నూ, ఎడమచేత పెన్సిల్ రబ్బరూ పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. పరాయి కంప్యూటర్‌కు సొగసులు దిద్దను. ఎవరి చీటీలూ పాత పేపర్లవాడికి వేయించను. తెలియనిచోట తెలియదనే అంటాను, ర్యామ్ అనను. దయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు నా జేబులో పెన్‌డ్రైవ్ ఉందేమో చూసుకుంటాను. ఇది శ్రీ సాక్షిగా చేసిన ప్రమాణం. కాగితం మీద, చేత్తో రాసిన శ్రీ.